పారసీక వాస్తుపదములు - ఇస్ఫహానునందలి వేసవిచదువు

మన తెనుఁగునఁ జేరిన యన్యదేశ్యపదములలోఁ బారసీకమునుండి వచ్చినవి పెక్కులు గలవు. బజారు, మైదానము, దర్వాజా, కార్ఖానా, రస్తా, సరాయి, గుమ్మటము, బందరు మున్నగునవి పండితుఁడు పామరుఁడు నను భేదము లేక యెల్లరు వాడునవియే. ఇందుఁ గొన్ని పారసీకులు తామే యరబ్బీనుండి గ్రహించినవి; అవియును బారసీకముద్వారముననే మనకుఁ జేరినవి. బ్రౌనుదొర 1852వ సంవత్సరపు నిఘంటువునం దిట్టి పదములకు హిందూస్థానీయములని గుఱుతు పెట్టెను. 1854లో మిశ్రభాషాపదములకై వేఱొక నిఘంటువునే కూర్చెను. కాని పదము వచ్చిన త్రోవ తెలియుట యొకటి, పదార్థము తెలియుట మఱియొకటి.

మన కోశకారుల కొక యలవాటు గలదు. వస్తువును జూడనిచో 'వృక్షవిశేషము', 'పక్షివిశేషము', 'వాద్యవిశేషము' అని వ్రాసి విడుతురు. ఆ విశేష మేదియో చదువరి యెఱుఁగఁడు. పెక్కుచోట్ల వ్రాసినవాఁడు నెఱుఁగఁడు. పారసీకపు వాస్తుశిల్పపదముల కీ గతి మఱింత యెక్కువగాఁ బట్టినది. బడిలో బాలుఁడు గుమ్మట మననేమని యడిగిన, 'ఒకవిధమైన కట్టడ' మని చెప్పి పాఠము ముందునకు సాగించుట పరిపాటియైనది. ఇట్టి యుత్తర మజ్ఞానమును గప్పుటయే కాని తొలఁగించుట కాదు.

శబ్దశక్తిని గ్రహించుటకు వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివరణము, ప్రసిద్ధపదసాన్నిధ్యము నని యెనిమిది యుపాయములను బూర్వులు చెప్పిరి. వీనిలో వ్యవహారమే ప్రధానమని వారి మతము. 'ఆవును దెమ్ము' అని యొక వృద్ధుఁడు పలుక, వేఱొకఁ డావును దెచ్చును. చెంత నున్న బాలుఁడు చూచి పదమునకు నర్థమునకుఁ గల సంబంధమును గ్రహించును. కోశముగాని, వ్యాకరణముగాని యీ తొలిచూపు లేక ప్రవర్తింప నేరవు. వృత్తిపదములకు, శిల్పపదములకు నీ న్యాయము మిక్కిలి యవసరము. పనివాని చేతిలోని వస్తువును జూడక వాని నోటిమాట కర్థము చెప్పరాదు.

పారసీకదేశమగు నిరానునందు విదేశీయవిద్యార్థులకు వేసవిమాసములలోఁ బాఠములు చెప్పు నాచార మేర్పడుటకుఁ గారణ మిట్టిదియే. అలీ అక్బరు దెహ్‌ఖొదా (1879–1956) యను మహావిద్వాంసుఁడు 'లుగత్‌నామా' యను బృహన్నిఘంటువు నారంభించెను. ఆయన పేర టెహరాను విశ్వవిద్యాలయమునకుఁ జేరియున్న నిఘంటుసంస్థ పరదేశీయులకుఁ బారసీకము నేర్పుచు వచ్చినది. నిఘంటువును గూర్చినవారే భాషాబోధనమునకుఁ బూనుట మన మాలోచింపఁదగిన విషయము. ఉదయమున భాషాపాఠము, తరువాత మసీదులు, బజారులు, కార్ఖానాలు చూచుట యిట్టి చదువులకు సహజమైన క్రమము. అట్టి చదువు వలన నేమి తెలియునో, యిస్ఫహాను నగరమును బ్రధానముగాఁ గొని యిందు వివరింపఁబడుచున్నది.

ముందుగా వేసవియే యేల? పారసీకమున వేసవిని 'తాబిస్తాన్' అందురు. 'తాబ్' అనునది మన తపధాతువునకు సోదరము. 'స్తాన్' మన స్థానము. తాపస్థానమనఁగా వేసవి. అట్లే శీతకాలము 'జిమిస్తాన్'. అందలి 'జిమ్' మన హిమశబ్దముతో నేకమూలము. ఈ రెండు పదములు కాలమునకే కాక గృహభాగములకును బేరులైనవి. ప్రాఁత పారసీకగృహమున నడుమ ముంగిలి, అందొక నీటితొట్టి యుండును. ముంగిలికి దక్షిణమున నుత్తరాభిముఖముగా నున్న గదులు 'తాబిస్తాన్‌నిషీన్', అనఁగా వేసవిలోఁ గూర్చుండుచోటు; వానిపై నెండ పడదు. ఉత్తరమున దక్షిణాభిముఖములైన గదులు శీతకాలమునకు; వానిలోనికి వెలుఁగు, వెచ్చదనము వచ్చును. కుటుంబ మంతయు ఋతువు ననుసరించి యొకే యింటిలో నటునుండి యిటు కాఁపురము మార్చును. ఈ యర్థము వేసవిలో నా యింట నడుగిడినవానికి దేహముతోడనే తెలియును. కావున వేసవి సెలవులు కేవలము సౌకర్యమునకుఁ గాదు. పారసీకపు టిల్లు వేసవికిఁ జెప్పిన యుత్తరమే గనుక నా ప్రశ్న నెఱిఁగినవాఁడే యుత్తరమును గ్రహించును.

ఇంటి ద్వారము దాఁటఁగానే యెనిమిది కోణములుగలుగు నొక చిన్న కూటము తఱచుగా నుండును. దానికి 'హష్తీ' యని పేరు. 'హష్త్' అనఁగా నష్టశబ్దమే. అందుండి వంకరత్రోవ లోపలికిఁ బోవును. వీథినుండి చూచువాని దృష్టి ముంగిటఁ బడకుండుట కీ వంకర. దర్వాజాపై రెండువిధముల తట్టుకమ్ములుండు నాచారము గలదు: ఒకటి బరువైన ధ్వని, ఒకటి తేలికయైన ధ్వని చేయును. ధ్వనిని బట్టి వచ్చినవారు పురుషులో స్త్రీలో లోపలివా రెఱుఁగుదురు. 'దర్' అను పదము మన ద్వారశబ్దమునకు సగోత్రమని వ్యాకరణము చెప్పును. ఆ ద్వారము మర్యాద నెట్లు కాపాడునో వ్యవహారము చెప్పును.

ఇస్ఫహానున కాగ్నేయమున నెడారిచెంత నున్న యజ్దునగరమున 'బాద్‌గీర్' అనునది యీ వాస్తువిద్య కంతటికిఁ గిరీటము వంటిది. 'బాద్' మన వాతము. 'గీర్' వేదమునందు గ్రభ్ అనియు లోకమున గ్రహ్ అనియుఁ గల ధాతువునకు జోడు. సంస్కృతీకరించిన 'వాతగ్రాహి' యగును. ఇంటికప్పుపై నెత్తుగా లేచిన యీ గోపురము నిలువుచీలికలుగాఁ దెఱచియుండి, మీఁదిగాలిని బట్టి క్రిందిగదికిఁ బంపును; లోని వేఁడిగాలిని వేఱొక ప్రక్కనుండి వెడలించును. దౌలతాబాదు తోఁటలోని బాద్‌గీర్ 33 మీటరుల కెక్కువ యెత్తుగలది. నీటికిఁ 'గనాతు' గలదు. కొండపాదమున నొక తల్లిబావి త్రవ్వి, యందుండి స్వల్పమైన వాలుతో భూగర్భమున సొరంగము త్రవ్వుకొని పోవుదురు. త్రవ్వినమట్టి తీయుటకు, గాలి తగులుటకు నడుమనడుమ గుంతలుంచుదురు. యంత్రము లేకయే నీరు మైళ్లకొలఁది ప్రవహించి యూరికి వచ్చును. ఇట్టి కనాతులలోఁ బదునొకంటిని 2016లో యునెస్కో ప్రపంచవారసత్వముగా నెన్నుకొన్నది. యజ్దునగరము 2017లో నా గౌరవము నందినది. ఆ నీటిని నిలువచేయు కట్టడము 'ఆబ్‌అంబార్'. 'ఆబ్' మన యప్‌శబ్దము. 'అంబార్' అనఁగా నిలువ; ధాన్యపురాశిని మనవా రంబార మనుట దీనినుండియే వచ్చినది.

ఇంటినుండి యిస్ఫహాను వీథికి వత్తము. మొదటి షా అబ్బాసు 1598 ప్రాంతమునఁ దన రాజధానిని గజ్వీనునుండి యీ నగరమునకు మార్చెను. నగరమధ్యమున నాతఁడు నిర్మింపించిన 'నక్ష్-ఎ-జహాన్' మైదానము రమారమి 560 మీటరుల నిడివి, 160 మీటరుల వెడల్పు గలది. 1979లో నిది ప్రపంచవారసత్వములలోఁ జేరినది. మైదానమనఁగా మనకు బయలు మాత్రమే. అచ్చట నది నాలుగుదిక్కుల నాలుగు ధర్మములచేఁ గట్టువడిన బయలు: దక్షిణమున రాజు కట్టించిన మహామసీదు, తూర్పున షేక్ లుత్ఫుల్లా మసీదు, పడమట రాజసౌధద్వారమైన ఆలీకాపు, ఉత్తరమున బజారునకు వాకిలియైన కైసరియా. ఆరాధనము, ప్రభుత్వము, వాణిజ్యము నొకదాని నొకటి చూచుచు నిలిచిన స్థలమే మైదానము. గుఱ్ఱములపైఁ జెండాటలాడిన కాలపు ఱాతికంబములు నేఁటికి నందుఁ గలవు.

మహామసీదు 1611లో నారంభింపఁబడినది. మైదానమొక దిక్కున కమరియుండ, మసీదు మక్కా దిక్కునకుఁ దిరుగవలసియున్నది. కావున ద్వారము మైదానమునకు సమముగా నిలిపి, లోపలి కట్టడమును రమారమి 45 అంశలు త్రిప్పిరి. నడచువానికిఁ ద్రిప్పు తెలియకుండఁ ద్రోవను మలఁచుట యందలి నేర్పు. ఇందలి 'ఐవాన్' అనఁగా మూఁడువైపుల గోడలు, పైన కమాను, ఒక వైపంతయుఁ దెఱపి గల చావడి. ముంగిలికి నలుదెసల నాలుగైవానులు నిలుపు పద్ధతి పారసీకమసీదుల ముఖ్యలక్షణము.

గుమ్మటమును దెలిసికొన నిస్ఫహాను జామేమసీదునకుఁ బోవలయును. అది 2012లోఁ బ్రపంచవారసత్వములలోఁ జేరినది. అందు నిజాముల్‌ముల్కు కట్టించిన దక్షిణపు గుమ్మటము 1086–87 నాఁటిది. తాజుల్‌ముల్కు కట్టించిన యుత్తరపు గుమ్మటము 1088–89 నాఁటిది. క్రింది గది చతురస్రము, పైకప్పు వర్తులము. రెంటి నెట్లు కలుపవలయును? నాలుగు మూలలకు నాలుగు చిన్న కమానులు కట్టి చతురస్రము నష్టాస్రము చేసిరి. దానిపై షోడశాస్రము, దానిపై వలయము. ఇంతయుఁ జూచిన తరువాతనే గుమ్మటపదమున కర్థము పూర్ణమగును. బోర్లించిన గిన్నె గుమ్మటము కాదు. చదరముపై గుండ్రమును నిలిపిన లెక్క గుమ్మటము.

గోడలమీఁది రంగుపలకలపని పేరు 'కాశీకారీ'. ఇచ్చట సంస్కృతపండితుఁడు జాగ్రత్త వహింపవలయును. ఈ కాశి వారణాసి కాదు. కాషాను నగరమునుండి వచ్చినపే రిది. అట్లే లోహముపై రంగుగాజును గరఁగించి యతుకు 'మీనాకారీ' యందు మీనమునకుఁ బని లేదు. ధ్వనిసామ్యమును బట్టి వ్యుత్పత్తి చెప్పు దోషము కిట్టి పదములే వలలు. కాశీకారి రెండుతెఱఁగులు. 'మొఅర్రక్' అనుదానిలో నొక్కొక రంగుపలకను వేఱువేఱుగాఁ గాల్చి, రేకులుగాఁ గోసి, పూవులాకులుగాఁ గూర్చుదురు. ఒక్కొక రంగునకుఁ దగిన వేఁడిమి దొరకును గనుకఁ గాంతి యెక్కువ, కాలమును నెక్కువ. 'హఫ్త్‌రంగ్' అనుదానిలో నొకే పలకపైఁ బలురంగులు వ్రాసి యొక్కసారి కాల్చుదురు. పని త్వరగా నగును. 'హఫ్త్' మన సప్తమే. మహామసీదునందు విశాలమైన గోడలను ద్వరగాఁ గప్పవలసిన కతన సప్తరంగపు పలకలనే విరివిగా వాడిరి. 1619 నాఁటికి ముగిసిన లుత్ఫుల్లా మసీదునందుఁ గట్టిన శిల్పి పేరు వ్రాయఁబడియున్నది: ముహమ్మదు రజా, ఉస్తాదు హుసేను బన్నా కుమారుఁడు. బన్నా యనఁగాఁ గట్టువాఁడు. తండ్రి వృత్తినామము కొడుకు సంతకమున నిలిచినది.

నగరమున వంతెనలును నిట్టి పాఠములే. 1602 ప్రాంతమున ముగిసిన 'సీ-ఒ-సె-పుల్' అనఁగా ముప్పదిమూఁడు కమానుల వంతెన. 'సీ' త్రింశత్తు, 'సె' త్రయము. 1650 ప్రాంతపు ఖాజూవంతెన దారియే కాదు. తలుపులు దించి నీటి నాఁపు నానకట్టయు, సాయంకాలమున జనులు మెట్లపైఁ గూర్చుండి పాడుకొను చావడియు నైనది. 'చిహిల్ సుతూన్' అనఁగా నలువది స్తంభముల సౌధము. సుతూన్ మన స్థూణయే. స్థూణానిఖననన్యాయము నెఱిఁగిన మన కీ పదము పరాయిది కాదు. కాని లెక్కించిన స్తంభము లిరువదియే కానవచ్చును. ముందరి కొలనిలోని నీడలతోఁ గూడి నలువదియైనవని లోకవాదము; నలువది యనఁగాఁ బెక్కని పారసీకుల వాడుకయు నున్నది. నిఘంటువు మాత్రము చదివినవాఁడు స్తంభములు కూలినవని వ్రాయఁగలఁడు!

కైసరియా వాకిట బజారు మొదలగును. అది రమారమి రెండు కిలోమీటరులు కప్పుక్రిందనే సాగి జామేమసీదు చెంతకుఁ జేరును. కప్పునందలి రంధ్రములనుండి వెలుఁగు కంబములవలె దిగును. మనము రస్తా యనునది దారి మాత్రము. అచ్చట 'రాస్తె' యనఁగా నొక్కవృత్తివా రంగళ్లు దీర్చిన వరుస. రెండు రాస్తెలు కలిసినచోటు 'చహార్‌సూ'. 'చహార్' చతుశ్శబ్దము, 'సూ' దిక్కు. దానిపై నొక గుమ్మటముండును. ప్రక్కల వర్తకుల బిడారులు దిగు సరాయిలు. నగరములనడుమ దారులయందును నిట్టివే కట్టిరి. ఇరానులోని 54 బిడారుసరాయిలు 2023లోఁ బ్రపంచవారసత్వముగా గణింపఁబడినవి.

ఈ రాస్తెలలోనే చేతిపనులు గలవు. 2015లో యునెస్కో యిస్ఫహానును హస్తకళానగరముగా గుర్తించినది. 'కలమ్‌జనీ' యందు రాగిపాత్ర లోపల దిరుగుకీలును బోసి గట్టిపఱచి, పైన నులితో సుత్తితోఁ జిత్రములు చెక్కుదురు. కీలు లేనిచో రేకు సొట్టవోవును. 'ఖాతమ్' అను పనిలోఁ గఱ్ఱ, ఎముక, ఇత్తడి మున్నగువానిని ముక్కోణపు సన్నపుల్లలుగాఁ జేసి, నక్షత్రముగాఁ గట్టకట్టి యతికి, యడ్డముగాఁ బలుచని బిళ్లలుగాఁ గోసి పెట్టెలపై నతుకుదురు. అరచేతియంత పెట్టెపై నెన్ని నక్షత్రములున్నవో యెన్నుట కష్టము. 'కార్' మన కారశబ్దమునకు సజాతీయము. ఈ పనివారిని గారువు లనుట యెంతయుఁ దగును. గురువు 'ఉస్తాద్', శిష్యుఁడు 'షాగిర్ద్'. మనకు మేస్త్రి పోర్చుగీసునుండి వచ్చెను, ఉస్తాదు పారసీకమునుండి వచ్చెను.

'కలమ్‌కార్' విషయము మనకు మఱింత దగ్గఱిది. కలమనఁగా వ్రాతపుల్ల. కాని యిస్ఫహానునందు నేఁడు బేరికఱ్ఱ యచ్చులతో నలుపు, ఎఱుపు, నీలము, పసుపు వరుసగా నద్దుదురు. మన బందరు, పెడన ప్రాంతమునఁ గలంకారి యనునదియు నచ్చుపనియే. దానికి అద్దకమని తెనుఁగుపేరు. శ్రీకాళహస్తియందు మాత్రము కలముతోనే వ్రాయుదురు. దానికి వ్రాతపని యని పేరు. కరకకాయనీట గుడ్డ ముంచుట, ఇనుపతుక్కును బెల్లపునీట నానవేసి నలుపు చేయుట మనవారి పద్ధతి. ఒకే పదము మూఁడుచోట్ల రెండుపనులకుఁ జెల్లుచున్నది. వ్యాకరణము కలమును జూపును, అచ్చును జూపలేదు.

ఇఁక మనదేశపు సంబంధ మొకటి నిర్ణయింపవలసియున్నది. హైదరాబాదు నగర మిస్ఫహానునకు మాఱురూపమని యొక వాడుక ప్రబలినది. కాలమును బరిశీలింపుఁడు. చార్మినారు 1591 నాఁటిది. అబ్బాసు రాజధానిని మార్చినది 1598 ప్రాంతమున. ముందటిది వెనుకటిదాని ననుకరింప నేరదు. గోలకొండసుల్తానుకడఁ బేష్వాయై, హైదరాబాదు విన్యాసమునకుఁ గారకుఁడని ప్రసిద్ధి గన్న మీర్ మోమిన్ అస్తరాబాదీ పారసీకదేశీయుఁడు. ఆతఁడు తెచ్చినది యిస్ఫహానుమైదానము కాదు. రెంటికిని బూర్వమైన పారసీకనగరసంప్రదాయము. సాక్ష్యము పదములయందే యున్నది: చార్‌కమానుల నడిమి గుల్జారు హౌజునకుఁ బూర్వనామము 'చార్‌సూకా హౌజు'. బజారులో చహార్‌సూ నెఱిఁగినవానికే యీ పేరు పలుకును. పాతనగరమున బాద్‌షాహీ ఆశుర్‌ఖానాలోని కాశీపలకలు సముద్రము దాఁటకయే చూడవచ్చును.

చూడవలసిన తొందరయుఁ గలదు. ఇస్ఫహాను ప్రాణమైన జాయందరూదు నది యీ యిరువదియేండ్లలోఁ బెక్కుసారు లెండిపోయినది. కలమ్‌కార్ గుడ్డలను బూర్వ మా నదిలోనే యుదికెడివారు. మనయూళ్లలోను నచ్చుచెక్కువారు తగ్గుచున్నారు. వస్తువు పోయిన వెనుకఁ బదము 'విశేష' మై మిగులును. ఆపైఁ గోశకారుఁ డెంత పండితుఁడైనను జేయఁగల దేమియు లేదు.

ఇరానునకుఁ బోవుట యందఱకు సాధ్యము కాదు. పయనములకు దేశకాలము లెల్లప్పు డనుకూలింపవు. కాని పద్ధతి మనదగ్గఱనే యవలంబింపవచ్చును. ప్రతి పాఠశాలాపండితుఁడు వేసవిసెలవులలో నైదుగురు శిష్యులతోఁ బెడనయందో, శ్రీకాళహస్తియందో, హైదరాబాదు పాతనగరమునందో యొక కార్ఖానాలో వారము దినములు కూర్చుండునేని చాలును. పనిముట్టు పేరు, పని పేరు, పనివాని పేరు, తప్పిన పనికిఁ బెట్టిన పేరు, ఇవి యడిగి వినినది వినినట్లు వ్రాయవలయును. వస్తువును జూచిన పిమ్మటనే వ్యుత్పత్తి నారయవలయును; కాశికిని గాషానునకును గల భేద మప్పుడే నిలుచును. అట్లు కూర్చిన పట్టికలు పరిషత్తుల కందినచోఁ గోశములలో విశేషశబ్దము కొంత తగ్గి, యర్థము కొంత పెరుగును. శబ్దమునం దధికారము గల మనము చూపునందును నధికారము సంపాదింతుము గాక.